అద్దం తుడిచే ఏజెంటు

బూర్గంపాడులో మా ముందు గది కిరాయికి తీసుకుని ప్లాట్లు అమ్మజూసిన ఏజెంటుకు, పొద్దున్నే కంప్యూటరు అద్దాన్ని భుజం మీది తువ్వాలుతో తుడవడం అలవాటు. వెబ్‌సైటు చేసిచ్చిన కొత్తగూడెం ఆయన, నెలకింత తీసుకుని కొత్త ఫోటోలు పెడుతూ దాన్ని చూసుకుంటానన్నాడు. ఈయన ఒప్పుకోలేదు.

“ఒక్కసారి పెడితే సాలదా? రోజూ నేనే తుడుస్తున్న గద,” అన్నాడు.

దుబారా మనిషి కాదని నాకు ముచ్చటేసింది.

వెబ్‌సైటులో పెట్టిన ప్లాట్ల ఫోటోలు ఎండాకాలంలో తీసినవి. వాటిలో గోదావరి ఎక్కడో సన్నని గీతలా ఉండేది. అప్పటిదాకా ఒక్క ప్లాటూ అమ్ముడుపోలేదు. వానాకాలంలో ఖమ్మం నుంచి ఒకాయన అవి చూసి బయానా ఇస్తానని వచ్చాడు. ఆ బేరం తప్పితే ఆఫీసు మూసుకోవాల్సిందే. పెద్దమనిషినని ఏజెంటు నన్నూ ప్లాట్ల దగ్గరికి వెంట తీసుకెళ్లాడు. అక్కడ హద్దురాళ్లు కనిపించలేదు, ఎర్రనీళ్లే కనిపించాయి.

“నా ప్లాటేదన్నా?”

“గా పడవ ఉన్న కాడ సార్. నీళ్లు జల్దీ తీస్తయి.”

ఆయన బయానా ఇవ్వకుండానే కారెక్కాడు.

“ఆ ఫోటోలన్న మార్పియ్యరాదా బిడ్డా,” అన్నాను ఇంటికొచ్చాక.

“మారిస్తే ఎవరొస్తరు పెద్దమ్మా?”

గది ఖాళీ చేసిన రోజు కూడా కంప్యూటరును ఆటోలో పెట్టి, అద్దం తుడిచాకే ఎక్కాడు.