బొట్టు పెట్టిన పాత బెల్టు

భద్రాచలం మెకానిక్ మా కారు టైమింగ్ బెల్టు మార్చానని చెప్పి, ఇంజన్‌కున్న బెల్టు మూతకు పసుపు రాసి బొట్టు పెట్టాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి నాతోనే తొక్కించాడు. పాత బెల్టేదని అడిగితే, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు నవ్వాడు.

"బండి నువ్వు తోలుడే ఎక్కువ అక్కా. ఇంజన్ జోలి నీకెందుకు?"

పదిహేను రోజులకు ఆ మూత క్లిప్పు ఊడి గడగడ మోగింది. బిగిద్దామని ఎత్తి చూస్తే లోపల పాత బెల్టే ఉంది, చలికాలం మడమల్లాగా పగుళ్లతో. బొట్టు మాత్రం చెక్కు చెదరలేదు.

ఒళ్లు మండిపోయింది. ఆ పళ్ల పట్టీ తెగితే నడుస్తున్న ఇంజన్ అక్కడికక్కడే పాడవుతుంది. వారం వారం మా అత్తమ్మను ములకలపల్లి నుంచి భద్రాచలం దవాఖానాకు ఆ కార్లోనే తీసుకెళ్తాను. దారంతా అడవి, సగం దూరం ఫోన్ పలకదు. ఆమెకు ఆయాసం. అది ఆ మెకానిక్‌కు తెలుసు, ఎన్నోసార్లు ఆమె చేతికి మంచినీళ్లు కూడా ఇచ్చాడు.

"నేనే మారుస్తా" అన్నాను.

"ఇంకో మెకానిక్ తాన ఇద్దాం. ఒక్క పన్ను అటిటైతే ఇంజనే పోతది. అప్పుడు ఆడే నవ్వుతడు" అన్నాడు మా ఆయన.

ఆ మాట నిజమే. మూడు రోజులు జాకెట్లు కుడుతూనే ఫోన్లో వీడియోలు చూశాను. ఇంకొకరికి ఇస్తే పని అవుతుంది, కానీ నా కడుపు మంట చల్లారదు. నేను విప్పలేననే ధీమాతోనే కదా వాడు మోసం చేసింది.

ఖమ్మం నుంచి కొత్త బెల్టు తెప్పించి, ఆదివారం పొద్దున్నే విప్పాను. బెల్టు తిరిగే పళ్ల చక్రాల మీది గుర్తుల్లో కుట్టుసుద్ద నింపి బెల్టు ఎక్కించాను. స్టార్ట్ చేయకముందు ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి చూస్తే, గుర్తులు ఒక్క పన్ను తేడాగా ఆగాయి. మళ్లీ విప్పి, మళ్లీ ఎక్కించాను. ఈసారి కలిశాయి. బొట్టు పెట్టమని అత్తమ్మ అంటే వద్దన్నాను.

బుధవారం దవాఖానా నుంచి వస్తూ కారు వాడి షాపు ముందే ఆపాను. నలుగురు కస్టమర్లున్నారు. షట్టర్‌కు దిష్టి నిమ్మకాయలు కట్టిన మేకుకు పాత బెల్టు తగిలించాను.

"ఏంది అక్కా ఇది?"

"నువ్వు కొత్తగా వేసిన బెల్టు."

వాడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"మరి కొత్తది ఎవరు వేసిన్రు?"

"నేనే."

"స్టార్ట్ చేసే ముందు చేత్తోటి రెండు సుట్లు తిప్పినవా? ఈ ఇంజన్‌కు మొదటిసారి ఒక్క పన్ను తేడా వస్తది."

అంటే వాడికి పని అంతా తెలుసు. చేతకాక వదిలేసి ఉంటే మనసులో పెట్టుకునేదాన్ని కాదేమో. అన్నీ తెలిసి, అత్తమ్మను ఆ బెల్టుతోనే అడవిలోకి పంపాడు.

వెనక సీట్లో అత్తమ్మ చీర కొంగుతో విసురుకుంటోంది. కారు తలుపు తీసి పట్టుకున్నాను.

"నాకెందుకు చెప్తవ్? బెల్టు మార్చలేదని ఆమెకు చెప్పు."

వాడు ఆమె వైపు తల ఎత్తలేదు. వాడి మోసం సంగతి అత్తమ్మకు మేం చెప్పలేదు. "బాగున్నవా బిడ్డా?" అని వాణ్ణి పలకరించింది.