తెల్ల తువ్వాలు మీద గాలి తుపాకీ

డ్రిల్ మాస్టారు పోయారని నందిగామ నుంచి ఫోను వచ్చేసరికి నేను జగ్గయ్యపేటలో నా షాపులో ఉన్నాను. పురుగుమందు కొట్టే స్ప్రేయర్లకి విడిభాగాలు అమ్ముతాను. కౌంటరు మీద రెండు రకాల వాషర్లు పెట్టి, చందర్లపాడు నుంచి వచ్చిన రైతు ఒకాయనకి ఏది మన్నుతుందో, ఏది చవకో చెప్తున్నాను. ఫోనులో మాస్టారి భార్య. "పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నారు నాయనా. మళ్ళీ లేవలా" అన్నారు. ఆ మాట విన్నాక చవక వాషరు తీసి లోపల పెట్టేశాను. మాస్టారు కౌంటరు అవతల నిలబడి చూస్తున్నట్టే అనిపించింది.

మీలో ఆయన దగ్గర గ్రౌండు చుట్టూ పరిగెత్తిన వాళ్ళు చాలామందే ఉంటారు. నాకు పాఠం చెప్పని మాస్టారు ఆయనొక్కరే, అందుకే ఆయన చెప్పినవన్నీ గుర్తున్నాయి. రిటైరయ్యాక ఇంటి వెనక దొడ్లో ఇసుక పెట్టె పెట్టి, దాని ముందు కాయితం కట్టి, పిల్లలకి గాలి తుపాకీ నేర్పేవారు. మందు ఉండదు, లోపలి స్ప్రింగు గాలిని నొక్కితే పెసరగింజంత సీసం గుండు పోతుంది. దానికి లైసెన్సు అక్కర్లేదు. అయినా బిల్లులన్నీ పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి చెప్పొచ్చారు. ఎవరూ పిలవకుండా ఆ గుమ్మం ఎక్కిన మనిషి ఆయనొక్కరే అయ్యుంటారు.

మా అమ్మాయి శిరీషని చూసి, "దీని చెయ్యి వణకదురా. నీ పోలిక రాలా, అదృష్టవంతురాలు" అన్నారు. అలా మొదలైంది. వానాకాలంలో విజయవాడలో షూటింగ్ పోటీలకి సెలక్షన్లు ఉన్నాయని తెలిసింది. తన ఈడు పిల్లల విభాగంలో కాల్చడానికి దానికి అదే ఆఖరి ఏడాది. మాస్టారి పాత తుపాకీ కీలు దగ్గర లూజైపోయింది. కొత్తది కొనేకంటే బ్యారెల్, స్ప్రింగు, ట్రిగ్గరు, చెక్క అన్నీ కిట్టుగా తెప్పించి, దాని చేతికి సరిపడేట్టు తనే బిగిస్తానన్నారు.

మొదటి కిట్టు ఎంపిక నాది. ఫోనులో తళతళా మెరుస్తుంటే నచ్చి తెప్పించాను. ఆయన సందు కొరియర్ వాళ్ళకి ఎప్పుడూ దొరకదు కాబట్టి పార్సెలు నా షాపుకే వచ్చింది. పట్టుకెళ్ళాను. మాస్టారు గదిలో నేల మీద తెల్ల తువ్వాలు పరిచి, ముక్కలు వరసగా పేర్చారు.

"ఏందిరా ఇది, పెళ్ళికూతురి నగలా?"

స్ప్రింగు తీసి అద్దం పలక మీద నిలబెట్టారు. పక్కకి ఒరిగింది. "నిలబడటం చేతకాలా దీనికి. అసెంబ్లీలో నువ్వూ ఇంతే" అన్నారు. బ్యారెల్ అదే పలక మీద దొర్లించారు. గడగడమంటూ పోయింది. మర ఒకటి బిగించబోతే దాని తల అరిగి పొడి రాలింది. ఒక్కో ముక్కా నా ముందు పెట్టి ఒకటే ప్రశ్న.

"నీ పిల్ల చేతికిస్తావా?"

"పర్లేదు లెండి మాస్టారూ, కాల్చేది కాయితాన్నే గదా" అన్నాను.

"కాయితం అటేపుంది. పిల్ల ఇటేపుంది."

కిట్టు వెనక్కి పోయింది. రెండోది ఆయన ఎంచారు. ఆ కంపెనీ వాళ్ళతో వారంపాటు ఫోనులో మాట్లాడితే గానీ ఆర్డరు పెట్టలేదు. అవతలి కుర్రాడు ఆ వారంలో ఆయన్ని తాతయ్యా అనడం మొదలెట్టాడు. ఆ కిట్టు వచ్చింది. మెరుపు లేదు, నల్లగా బరువుగా ఉంది. స్ప్రింగు నిలబడింది, బ్యారెల్ చప్పుడు లేకుండా దొర్లింది. కానీ వచ్చేసరికి సెలక్షన్లు దగ్గరపడ్డాయి. మాస్టారు బిగించారు. శిరీష కాలేజీ అయిపోగానే నందిగామ వచ్చి కాల్చేది. కాయితం మీద చిల్లులు ఒకదాని మీద ఒకటి పడుతుంటే నేను షాపు మూసేసి మరీ వచ్చి చూసేవాణ్ణి.

తుపాకీ దాని చేతికిచ్చే ముందు మాస్టారికి ఒక అలవాటు. గుండు ఎక్కించి, ఇసుక పెట్టె వైపు పెట్టి, ట్రిగ్గరు ముట్టుకోకుండా, హవాయి చెప్పుతో చెక్క మీద గట్టిగా తట్టేవారు. అదురుకి ట్రిగ్గరు జారకూడదు. జారకపోతేనే ఇచ్చేవారు. రోజూ తట్టేవారు, రోజూ ఆగేది.

సెలక్షన్లు ఎల్లుండనగా, సాయంత్రం, తట్టారు. తుపాకీ టప్‌మంది. ఇసుక చిమ్మింది.

మాస్టారు మళ్ళీ గుండు ఎక్కించి తట్టారు. ఆగింది. మళ్ళీ తట్టారు. ఆగింది. చీకటి పడేదాకా తడుతూనే ఉన్నారు. ఇంకోసారి జారలేదు.

"చూశారా తాతగారూ, ఆగుతుంది" అంది శిరీష.

"ఒకసారి ఆగలేదమ్మా."

ఆయన మరలు విప్పడం మొదలెట్టారు.

"ఎల్లుండే తాతగారూ."

"తెలుసమ్మా."

"నాకు మళ్ళీ ఛాన్స్ లేదు."

"అదీ తెలుసు."

అప్పటికప్పుడు కంచికచర్ల, విజయవాడ, తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. తుపాకీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ రోజు కాల్చాల్సిన పిల్ల ఉంది. ఎవరిస్తారు? నేనూ అడిగాను, ఈ ఒక్క రోజుకీ పోనివ్వమని. ఆయన ట్రిగ్గరు ముక్క తీసి నా అరచేతిలో పెట్టి, "నువ్వివ్వు దాని చేతికి" అన్నారు. నేను ఇవ్వలేదు. ఆయన చేతికే తిరిగిచ్చాను.

"మీకు నాకంటే ఆ ముక్క ఎక్కువ" అంది శిరీష. చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయింది. మాస్టారు తల ఎత్తలేదు. హైవే మీద జగ్గయ్యపేట దాకా శిరీష బండి వెనక కూర్చుని కూడా నా భుజం పట్టుకోలేదు. సెలక్షన్ల రోజు గది తలుపు తియ్యలేదు. ఆ తర్వాత మాస్టారి ఇంటికి వెళ్ళలేదు.

నేను మాత్రం ఆదివారాలు వెళ్ళేవాణ్ణి. కంపెనీ వాళ్ళు పంపిన రెండో ట్రిగ్గరు కూడా ఆయనకి నచ్చలేదు, తిప్పిపంపారు. మిగతా ముక్కలు తువ్వాలు మీద పేర్చి, నూనె రాసి, తుడిచి, మళ్ళీ చుట్టేసేవారు.

"పాపేం చేస్తంది?"

"చదువుకుంటందండి."

"కోపం తగ్గిందా?"

"ఇంకా లేదండి."

"ఉండనీలే. కళ్ళూ వేళ్ళూ బానే ఉన్నయ్యిగా."

ప్రతి ఆదివారం ఇదే మాట. ఇంటికొచ్చి చెప్పబోతే శిరీష లేచి వెళ్ళిపోయేది. నేనూ మెల్లగా చెప్పడం మానేశాను.

ఆయన పోయిన రోజు దాన్ని నందిగామ తీసుకెళ్తుంటే, టోల్‌గేటు దాటాక, వెనకనుంచి అడిగింది. "నా గురించి ఏమన్నా అన్నారా?"

"వారం వారం అడిగారమ్మా."

అప్పుడు నా భుజం పట్టుకుంది. పట్టు చాలా గట్టిగా ఉంది. దిగేదాకా వదల్లేదు.

పెదకర్మకి ముందు రోజు నా షాపుకి పార్సెలొచ్చింది. మాస్టారి పేరు, నా అడ్రసు. మూడో ట్రిగ్గరు. మర్నాడు సంచిలో వేసుకెళ్ళాను, ఏం చెయ్యాలో తెలియకుండానే. శిరీష దాన్ని నా చేతిలోంచి తీసుకుని మాస్టారి భార్యని మిగతా ముక్కలు అడిగింది. ఆవిడ గదిలోంచి తువ్వాలు మూట తెచ్చిచ్చారు.

శిరీష దాన్ని నేల మీద పరిచింది. ఆదివారాలన్నీ పరిచి పరిచి, నూనె దిగి, ఒక్కో ముక్క కింద దాని ఆకారమే మరకగా ఏర్పడింది. బ్యారెల్‌కి పొడుగు మరక, స్ప్రింగుకి చారల మరక. ఎక్కడిది అక్కడ పెట్టుకుంటూ పోయింది. మధ్యలో ట్రిగ్గరు పెట్టాల్సిన ఒక్కచోట మాత్రం మరక లేదు. తెల్లగా ఉంది.

వరండాలో విస్తళ్ళు వేస్తున్నారు. "రామ్మా, భోజనానికి" అన్నాను.

"ఉండు నాన్నా."

ట్రిగ్గరు పట్టుకుని కిటికీ దగ్గరికెళ్ళింది. వెలుతురుకి పెట్టింది, తిప్పింది, అంచు మీద గోరుతో గీసింది. పర్లేదులే అనబోయి నోరు మూసుకున్నాను. అది నా వైపు చూడనేలేదు. ముక్కని ఇంకోసారి తిప్పింది. కింద తువ్వాలు మీద ఆ చోటు ఇంకా తెల్లగానే ఉంది.