చూడదగ్గ చోట్లలో మా గుమ్మం

ఆ వీధిలో ఆమెను అందరూ మిషనమ్మ అనే పిలుస్తారు. పొద్దున్నే వంటిల్లు సర్దేసి కుట్టుమిషన్ ముందు కూర్చుందంటే చీకటి పడేదాకా ఆ చప్పుడు ఆగదు. కొత్త బట్టలు కుట్టించుకోవడానికి ఆమె దగ్గరికి ఎవరూ రారు. పొట్ట పెరిగినవాళ్లు నడుము వదులు చేయమనీ, ఎదిగే పిల్లల తల్లులు అంచులు విప్పి పొడుగు చేయమనీ, జిప్పు ఊడినవాళ్లు ఇప్పటికిప్పుడు కావాలనీ వస్తారు. పెళ్లై ఆ మహానగరానికి వచ్చిన నాటి నుంచీ ఆమె లోకమంతా ఆ లోపలి గది, దాని కిటికీ, కిటికీలోంచి కనిపించే వెనకింటి నీళ్ల గొట్టం. కోట, గంటస్తంభం, పెద్ద వంతెన... ఇవన్నీ ఆమెకు బస్సుల నుదుట రాసి ఉండే పేర్లే.

అలాంటి మనిషిని ఊరి నుంచి వచ్చిన అక్క కదిలించింది.

"ఇన్నేళ్లుగా ఇక్కడే కాపురం చేస్తూ గంటస్తంభం ఎక్కలేదా? ఎక్కడా అనకే, నవ్విపోతారు!"

"ఎక్కితే ఏం కనిపిస్తుంది, టైమేగా. అది నా గోడ మీదా ఉంది."

అక్క ఊరుకునే రకం కాదు. పైకప్పు లేని టూరిస్టు బస్సుకు తనే టికెట్లు తీసుకొచ్చింది. "వెళ్లి రావమ్మా. ఒక్కరోజు నీ మిషన్ మూగపోతే కొంపలేం మునగవు" అని అత్తగారు కూడా వంత పాడింది. ఇక తప్పలేదు.

తీరా బయల్దేరాక మిషనమ్మకు సంబరమే వేసింది. గంటస్తంభం మెట్లు ఎక్కుతుంటే మోకాళ్లు మొరాయించాయి గానీ, పైన గాలి తగలగానే చిన్నపిల్లలా నవ్వేసింది. గడియారం పెద్దముల్లు తన ఇంటి తలుపంత ఉంది. వంతెన మీద అక్కాచెల్లెళ్లిద్దరూ మొహాలు ఆనించి ఫొటో దిగారు. కోటలో మాత్రం ఆమె మనసు కాస్త చివుక్కుమంది. అద్దాల పెట్టెలో ఒక రాణిగారి అంగరఖా ఉంది. దాని అంచు కుట్టు చూస్తూ మిషనమ్మ అక్కడే నిలబడిపోయింది. ఒక్క పోగు కూడా బయటికి కనబడకుండా, అంతా చేత్తో కుట్టిన పని. కింద పలక మీద దాన్ని తొడుక్కున్నది ఎవరో, కోటకు ఇచ్చింది ఎవరో రాసి ఉంది.

"కుట్టిందెవరో రాయలేదేంటండీ?" అని గైడును అడిగింది.

"ఎవరో దర్జీలు లెండి" అంటూ అతను గొడుగెత్తి పట్టుకుని ముందుకు సాగిపోయాడు.

ఎవరో దర్జీలట! ఆ మాట బస్సెక్కాక కూడా ముల్లులా గుచ్చుతూనే ఉంది.

మధ్యాహ్నం దాటింది. బస్సు కాలువ పక్క రోడ్డు పట్టింది. మందుల షాపు, సైకిళ్ల కొట్టు, విరిగిన స్తంభం. "అక్కా, ఇది మా ఇంటి దారే! ఇక్కడే దిగిపోతే నడక తప్పుతుంది" అని మిషనమ్మ నవ్వుతుండగానే గైడు మైకు అందుకున్నాడు.

"ఇది మన చివరి మజిలీ. కోటలూ స్తంభాలూ చూశారు, ఇక అసలు సిసలు జీవితం చూడండి. ఈ వీధిలో వాళ్లు తాతలనాటి లాగే బతుకుతున్నారు. ఏ కోరికలూ లేని అమాయకులు. మొహమాటపడకుండా ఫొటోలు తీసుకోండి, వాళ్లేమీ అనుకోరు. పైగా సంతోషిస్తారు!"

బస్సు ఆగింది. అందరూ బిలబిలమంటూ ఆమె వీధిలోకే దిగారు.

మిషనమ్మ గబగబా బస్సు దిగింది. గుంపు వెనకాలే పరుగులాంటి నడకతో వెళ్లింది. తన గుమ్మం ముందు అత్తగారు తలంటుకున్న జుట్టు ఆరబెట్టుకుంటూ, కాళ్లు బారచాపుకుని కూర్చుని ఉంది. ఆవిడ ఎదురుగా ఒకాయన గొంతుకూర్చుని, మొహానికి జానెడు దూరంలో కెమెరా పెట్టాడు. ఇంకొకాయన తలుపు పరదా పక్కకు లాగి, సగం శరీరం లోపలికి దూర్చి, సెల్ ఫోన్‌తో గదంతా తీస్తున్నాడు. తాడు మీద ఆరేసిన లోబట్టల్ని ఒకావిడ తన భర్తకు వేలెత్తి చూపిస్తోంది.

కోడలిని చూడగానే అత్తగారి గొంతు లేచింది. "చూశావా? చెప్తే విన్నారా మీరు? రోజూ ఎవరో వచ్చి నా ఫొటోలు తీస్తున్నారంటే మతి చెడిందన్నారు!"

నిజమే. ఆవిడ నెలల తరబడి మొత్తుకుంటూనే ఉంది. లోపలి గదిలో మిషన్ హోరులో మిషనమ్మకు ఏమీ వినబడలేదు. పగలంతా పనికి పోయే మిషనమ్మ భర్తయితే "మా అమ్మ సినిమా తారైపోయింది" అని నవ్వేవాడు. చివరికి డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లారు. ఆయన నిద్రమాత్రలు రాశాడు. మతి చక్కగా ఉన్న మనిషిని మాత్రలేసి పడుకోబెట్టాం అని తట్టగానే మిషనమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పరదాలో దూరినవాడి సంచీ పట్టుకుని ఒక్క లాగు లాగింది. "ఎవరింట్లోకి దూరుతున్నావయ్యా నువ్వు?"

అతను తూలి, నిలదొక్కుకుని, నవ్వుతూ ఆమెనే ఫొటో తీశాడు. "ఎంత సహజంగా ఉందో కదూ!" అని పక్కనున్న భార్య మురిసిపోయింది. వాళ్లు ఇదంతా ప్రదర్శనలో భాగమే అనుకున్నారు. కోపం తెచ్చుకున్నా చూడముచ్చటే అయితే ఇక మనిషి ఏం చేయాలి?

గైడు ఉరుకుతూ వచ్చాడు. "మేడమ్, మీరు మన బస్సులో వచ్చినవారే కదా? మిగతావాళ్లను ఇబ్బంది పెట్టకండి."

"ఇది నా ఇల్లు."

"అంటే..."

"అంటేనా? ఇది నా ఇల్లు, ఆవిడ మా అత్తగారు, అవి నా బట్టలు. ఇంకా ఎలా చెప్పాలి?"

గైడు మొహం పాలిపోయింది. అయినా వెనక్కి తగ్గలేదు. "వీధి అందరిదీ కదండీ."

"వీధి అందరిదే, కాదనను. గుమ్మం నాది. ఆవిడ గంటస్తంభం కాదు, మీకు తోచినప్పుడల్లా వచ్చి చూసిపోవడానికి. ఆ స్తంభానికైనా తలుపులు మూసే వేళుంది! మైకులో ఏమన్నారు, మాకు కోరికలు లేవనా? నాకింకో గది కావాలి. కొళాయిలో రోజంతా నీళ్లు రావాలి. రేపటి నుంచి అదీ చెప్పండి."

అక్క అప్పటికే పరదాకు అడ్డంగా నిలబడి, ఎవరైనా రండి చూస్తా అన్నట్టు నడుం మీద చేతులు పెట్టుకుంది. గుంపులో ఒక ముసలాయన తలదించుకుని, అత్తగారి దగ్గరికి వచ్చి, ఫోన్‌లో ఆవిడ ఫొటోను ఆవిడకే చూపించి చెరిపేశాడు. "క్షమించండమ్మా" అన్నాడు. మిగతావాళ్లు గొణుక్కుంటూ బస్సెక్కారు.

మర్నాడు మిషనమ్మ ఆ టూరిస్టు కంపెనీ ఆఫీసుకు వెళ్లింది. మేనేజరు కుర్చీ వేసి, చల్లటి మంచినీళ్లిచ్చి, తీరిగ్గా విన్నాడు. ఆ మర్యాద చూసి పని జరిగినట్టే అనుకుంది.

"మీ బాధ అర్థమైందమ్మా. ఒక పని చేద్దాం. మీరు మిషన్‌ను గుమ్మంలోకి తెచ్చుకోండి. పాతకాలపు బట్టలు మేమే ఇస్తాం. బస్సు వచ్చినప్పుడు కుడుతూ కూర్చుంటే చాలు. మీ అత్తగారు ఎలాగూ ఉంటారు. ఇద్దరికీ ఏదో ముట్టజెబుతాం."

మిషనమ్మ గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది. "అయ్యా, మీ అమ్మగారు తలారబెట్టుకునే చోటు ఎక్కడో చెప్పండి. బస్సు అటు తిప్పుదాం" అని వచ్చేసింది.

వీధి ఒక్క మాట మీద నిలవలేదు. "వాళ్లొస్తే నా సరుకు కాస్త కదిలేది, నోటిదూలతో చెడగొట్టావు" అని సోడా కొట్టాయన మొహం తిప్పుకున్నాడు. ఇస్త్రీ చేసే ఆవిడ మాత్రం, తన బిడ్డకు పాలిస్తుంటే కూడా కెమెరాలు ఆగలేదని చెప్పి ఏడ్చింది. ఆ రాత్రి మిషనమ్మ భర్త నిద్రమాత్రల సీసా చెత్తబుట్టలో పడేసి, తల్లి పక్కన కూర్చుని ఆవిడ కాళ్లు ఒత్తాడు.

ఈ గొడవ మనకెందుకు అనుకున్నారో ఏమో, బస్సు ఆ వీధికి రావడం మానేసింది. గెలిచాం అనుకునేంతలో ఇస్త్రీ ఆవిడ కబురు తెచ్చింది. ఇప్పుడది కాలువ అవతలి వీధిలో ఆగుతోందట.

"వీధి మారిస్తే సరిపోయిందా? అక్కడ మనుషులుండరా?" అని మిషనమ్మ కత్తెర కింద పడేసి లేచింది.

"ఉండు, నేనూ వస్తున్నా" అంది అత్తగారు.

కర్ర పోటేసుకుంటూ, కోడలి భుజం పట్టుకుని ఆవిడ కాలువ దాటింది. వాళ్లు చేరేసరికి బస్సు ఆగే ఉంది. గోడవారన నీడలో చేటతో గింజలు చెరుగుతున్న ఒకామె మీదికి అప్పుడే ఒక కెమెరా వంగుతోంది. అత్తగారు తన కర్రను తీసుకెళ్లి ఇద్దరి మధ్యా అడ్డంగా పెట్టింది.

"ముందు ఆవిణ్ని అడుగు నాయనా" అంది.

అతను కంగారుపడి అడిగాడు. ఆ ఇల్లాలు చేట కింద పెట్టి, అటు ముసలావిడనూ ఇటు మిషనమ్మనూ ఎగాదిగా చూసి, "వద్దు" అంది.