అమా టీషర్టు మీది తెలుగు వాక్యం

కొన్నేళ్ళుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. ఒకే ఒక్క వాక్యం. నేనే రాసింది. వాక్యానికి బరువేమిటి అంటారేమో. దాన్ని ఇంకొకరు గుండెల మీద వేసుకుని తిరుగుతుంటే తెలుస్తుంది.

నా పేరు చెప్పను. భయం. దోహాలో ఒక కన్సల్టెన్సీలో ఎలక్ట్రికల్ డ్రాయింగులు చూస్తాను. ఎక్కడ ఏ దీపం వెలగాలో చెప్పే ఉద్యోగం. బుర్రలో వెలగాల్సినవి నా పరిధిలోకి రావు. పక్క సీట్లో ప్లంబింగ్ డ్రాయింగులు చూసే అమా. ఘనా దేశం మనిషి. ఆమె పేరు నా నోట్లో పడితే ఎప్పుడూ అమ్మా అయిపోతుంది. ఆమె నవ్వి నన్ను సిస్టర్ అంటుంది. మాకు స్నేహం కుదిరింది కామిక్సుల దగ్గర.

అప్పట్లో మేం చదివే ఒక సిరీస్‌లో ఇద్దరు నల్లజాతి సూపర్‌హీరోలు ప్రేమలో పడ్డారు. వరదని అరచేత్తో ఆపే ఆమె, ఇసుకని గాజు చేసే అతను. ఒక సంచికలో పేజీ నిండా ముద్దు. ఇక చూడండి. ఇన్నాళ్ళకి మావాళ్ళకీ ఒక ప్రేమకథ అని ఏడ్చినవాళ్ళున్నారు. మెప్పు కోసం అంటగట్టారు అన్నవాళ్ళున్నారు. ఆమెకి ఆ సిరీస్‌లోని తెల్ల హీరోయే తగిన జోడీ అని సంతకాలు పోగుచేసినవాళ్ళున్నారు, పిల్ల తరఫు మేనమామల్లాగా.

గల్ఫులో ఉన్న తెలుగు కామిక్స్ అభిమానులకి ఒక గ్రూపు ఉంది. అందరం దొంగపేర్లతోనే. అక్కడ ప్రేమ గురించి ఎవరూ మాట్లాడలేదు. పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చినట్టు రంగు గురించే. నేనూ ఒకటి రాశాను: ‘వీళ్ళిద్దరూ ఒకచోట నిలబడితే ఇన్వర్టర్ వెయ్యాలి.’

గ్రూపంతా పడీ పడీ నవ్వింది. లైకుల కోసం లేకితనం, అంతకంటే పెద్ద కారణం లేదనుకునేదాన్ని. నిజంగా లేదా? మా ఇంట్లో నా రంగుని చామనచాయ అనేవాళ్ళు. పాలు బాగా తక్కువైన చాయ. ఆ ముద్దు పేజీని నేను ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో గ్రూపుకి తెలీదు. నా రంగు మనిషిని ఎవరైనా అంత ఇష్టంగా దగ్గరికి తీసుకోవడం బొమ్మలో కూడా చూసి ఎరగను. మరి అంత నచ్చినదాన్ని పట్టుకుని అలా ఎందుకన్నాను? ఎలాగూ ఎవరో అనబోయేది నేనే ముందు అనేస్తే, నవ్వులపాలయ్యేవాళ్ళలోంచి తీసి నన్ను నవ్వేవాళ్ళలో కూర్చోబెడతారనా?

కొన్నాళ్ళకి అమా, వాళ్ళాయన క్వామే ఆ ఇద్దరిలా వేషం కట్టుకుని ఇక్కడి కామిక్స్ మేళాకి వెళ్ళారు. ఆ ఫొటో దోహా అభిమానుల పేజీలో వచ్చింది. దాని కింద ఇంగ్లీషులో ఏం రాశారో నేను మళ్ళీ చెప్పను. వాటి మధ్య మా గ్రూపువాడెవడో నా వాక్యాన్ని తెచ్చి అతికించాడు. తెలుగులోనే.

మర్నాడు భోజనాల దగ్గర అమా ఫోను నా ముందు పెట్టింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“మిగతావన్నీ చదివాను, సిస్టర్. చదవకుండా ఉండాల్సింది. ఇదొక్కటే అర్థం కాలేదు. మీ అక్షరాలే కదా? గుండ్రంగా, ఎంత బాగున్నాయో. ఇది కూడా తిట్టేనా?”

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “కాదు,” అన్నాను.

“మరి?”

“మీరిద్దరూ ఒకచోట నిలబడితే వెలుగొస్తుందట.”

ఆమె ముక్కు తుడుచుకుని, “ఎవరో గానీ మంచి మనిషి,” అంది.

ఫోన్‌లో అనువాదం చేసిపెట్టే యాప్ ఆమెకీ ఉంది. దాన్ని అడగలేదు. నన్ను అడిగింది. జాలిపడి అబద్ధమాడానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఇక్కడ ఆన్‌లైన్‌లో ఒకర్ని అవమానించావని ఫిర్యాదు వెళితే ఉద్యోగం, వీసా చెయ్యీ చెయ్యీ పట్టుకుని విమానం ఎక్కుతాయి. ఆ ఆలోచనే ముందు వచ్చింది. జాలి ఆలస్యంగా వచ్చి దాని వెనక నిలబడింది.

నెల తిరక్కుండా ఆ వాక్యం రెండు తెల్ల టీషర్టుల మీదకి ఎక్కింది. ఒక శుక్రవారం మాల్‌లో ఆ టీషర్టులు వేసుకుని వాళ్ళిద్దరూ ముందు, నేను వెనక. ఎదురుగా ఒక తెలుగు కుటుంబం వస్తోంది. ఆయన చదివాడు. ఆగి మళ్ళీ చదివి భార్యని మోచేత్తో పొడిచాడు. ఇద్దరూ నవ్వారు. అమా సంతోషంగా వాళ్ళకి చెయ్యి ఊపింది. మీవాళ్ళకి నచ్చింది చూశావా, అంది నాతో. అప్పుడా భార్య నన్ను చూసింది. నా బొట్టు చూసింది. నవ్వు ఆపేసింది. నేను పక్కనున్న చెప్పుల షాపులోకి దూరి, నా సైజు కాని జత ఒకటి కొనుక్కుని బయటపడ్డాను.

అప్పట్నుంచీ తెలుగు వినిపిస్తే చాలు, భయం. మదీనత్ ఖలీఫాలో నేనుండే బిల్డింగు లిఫ్టులో ఎవరైనా ‘మీది ఏ ఊరండీ’ అంటే ఫోన్ చెవికి పెట్టుకుంటాను. నలుగురు తెలుగువాళ్ళు ఉండే చోటికి అమాని రానివ్వకుండా చూసుకున్నాను. ఉగాదికి ఒంట్లో బాగాలేదన్నాను. స్నేహితురాల్ని కాపాడుతున్నట్టే ఉండేది చూసేవాళ్ళకి.

మొన్న శుక్రవారం అమా ముఐథర్‌లో వాళ్ళింటికి పిలిచింది. పాప పుట్టింది. పాప గది గోడ మీద ఆ వాక్యం నా చేత్తో రాయాలట. చూసి రాయడానికి టీషర్టు కూడా ఉతికి, మడతపెట్టి ఉంచింది.

బ్రష్షు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. ఆ పసిబిడ్డ తల దగ్గర ఇన్వర్టర్ రాయలేకపోయాను. ‘ఒకచోట నిలబడితే’ దాకా అదే రాసి, చివర ‘వెలుగొస్తుంది’ అని పూర్తిచేశాను. ఆమెకి తెలుగు రాదు కదా, అనుకున్నాను. ఆమె ఉద్యోగం మర్చిపోయాను. పాత డ్రాయింగునీ కొత్త డ్రాయింగునీ పక్కపక్కన పెట్టుకుని ఏ పైపు జరిగిందో పట్టుకోవడమే ఆమె రోజంతా చేసే పని.

అమా టీషర్టు విప్పి గోడకి ఆనించింది. వేలితో ఒక్కో అక్షరం దాటుతూ వెళ్ళి, చివర ఆగింది.

“ఇక్కడ్నుంచి వేరుగా ఉంది, సిస్టర్. ఏది తప్పు? గోడా, చొక్కానా?”

“చొక్కా,” అన్నాను.

ఇంకేం అడుగుతుందోనని, చేతికి అంటిన రంగు కూడా కడుక్కోకుండా వచ్చేశాను.

ఇక్కడ ఆదివారం పనిరోజే. ఆఫీసులో పక్కపక్కనే కూర్చున్నాం. పైపుల గురించి మాట్లాడింది. సోమవారమూ అంతే. అడగదా? లేక ఆ చొక్కాని ఈపాటికే ఫోన్ ముందు పెట్టి, నేను ఎంతకాలానికి నోరు విప్పుతానో చూస్తోందా? ఆమె కుర్చీ కదిలినప్పుడల్లా తలెత్తి చూస్తాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఇన్నేళ్ళలో ఈ సంగతిని చమత్కారం కలపకుండా నాకు నేనైనా చెప్పుకోలేదు. ఇప్పుడు చెబుతున్నాను. అమానీ క్వామేనీ చూసి నవ్వడానికి ఆ మాట రాసిచ్చింది నేను. మంచి మనిషి అని ఆమె అన్నది నన్నే.