బైండింగత్త గదిలో నా తనిఖీ

ముప్పై ఒక్క సంవత్సరాలు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసినవాణ్ణి. మనిషిని ముందు అనుమానించి తర్వాత పలకరించడం నాకు ఉద్యోగం నేర్పిన మర్యాద. టికెట్ ఉన్నవాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు, లేనివాడు నన్ను చూస్తాడు. ఈ ఒక్క సూత్రంతో ఎంతమందిని దింపేశానో నాకే గుర్తులేదు. రిటైరయ్యాక రైలు పోయింది గానీ ఆ చూపు పోలేదు. అందుకే మా అపార్ట్‌మెంట్ కింద, వెనకవైపు స్టోరు గదిలో ఒకావిడ చేరి పిల్లల్ని పోగేస్తోందని తెలిసినప్పుడు అందరికంటే ముందు నాకే ఒళ్ళు చిటపటలాడింది.

పిల్లలు ఆవిణ్ణి బైండింగత్త అంటారు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, పొట్టి, మాట తక్కువ. కుడిచేతి చూపుడువేలి మీద దారం కోసుకుపోయిన గీత ఒకటి ఉంటుంది. పదహారో ఏట పుస్తకాల బైండింగ్ షాపులో చేరిందట. కాగితాలు మడవడం, కుట్టడం, అట్ట కొయ్యడం, పుస్తకం వీపుకు కాలికో గుడ్డ అతికించడం, ఇదే పని ముప్పై ఏళ్ళు. ఆఫీసులన్నీ కంప్యూటర్లకు మారి రిజిస్టర్లు కుట్టించుకునేవాళ్ళు కరువయ్యాక షాపు మూతపడింది. సామాను పంచుకోండని యజమాని అంటే, తక్కినవాళ్ళు పనికొచ్చే యంత్రాలు పట్టుకుపోయారు. ఈవిడ అట్టముక్కలు, రంగు కాగితాల కత్తిరింపులు, కాలికో పీలికలు రెండు బస్తాల్లో కుక్కుకుని తెచ్చుకుంది. ఆ బస్తాలతోనే మా స్టోరు గదిలో దిగింది.

రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు, మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు పది పన్నెండు మంది వస్తారు. అట్టలతో ఇళ్ళు కడతారు, బొత్తాలతో కళ్ళు పెడతారు, దారాలతో తోకలు అతికిస్తారు. బొమ్మ పూర్తయ్యాక దాన్ని ఆడిస్తూ కథ చెబుతారు. ఏ మాట అంటే ఆ మాటే ఆవిడ చిన్న చీటీ మీద రాసి, బొమ్మకు కట్టి, తలుపు పక్కన తీగకు వేలాడదీస్తుంది. వచ్చేపోయేవాళ్ళు చదువుకోవచ్చు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. ముచ్చటగా ఉన్నదాన్ని నేను రెండుసార్లు చూస్తాను.

మా అమ్మాయి తన కూతుర్ని అక్కడ చేర్పించింది. అమ్మాయిది రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. అల్లుడితో పొసగక ఏడాది కిందట నా ఇంటికి వచ్చేసింది. మనవరాలికి నాలుగున్నరేళ్ళు. వచ్చిన కొత్తలో వట్టి వాగుడుకాయ. నాలుగు నెలల నుంచి మాత్రం ఇంట్లో ఉలుకూ పలుకూ లేదు. ఆకలైతే కంచం చూపిస్తుంది, నిద్రొస్తే దిండు లాక్కుంటుంది. డాక్టరు గొంతు చూశాడు, చెవులు చూశాడు, అన్నీ బాగున్నాయన్నాడు. అలాంటి పిల్ల స్టోరు గదిలో గలగలా మాట్లాడుతోందని విన్నప్పుడు నాకు సంతోషం కంటే అనుమానమే ఎక్కువ కలిగింది. సొంత తాత దగ్గర పెగలని నోరు పరాయి మనిషి దగ్గర ఎలా పెగిలింది? ఏం మందు పెట్టింది?

గొడవ ఏనుగులతో మొదలైంది. మూడో అంతస్తు పిల్లవాడి ఏనుగుల చీటీలో ఇలా ఉంది: “అమ్మ ఏనుగు, పిన్ని ఏనుగు మాట్లాడుకోవు. పిన్ని ఏనుగు గొలుసు తీసుకుంది. ఇవ్వలేదు.” ఆ సాయంత్రం మూడో అంతస్తులో అక్కాచెల్లెళ్ళ అరుపులు మెట్ల దాకా వినిపించాయి. వారం తిరక్కుండా అసోసియేషన్ సెక్రటరీ కూతురు అట్టతో ఒక రాజును చేసింది. “రాజు ఆఫీసుకు వెళ్ళడు. పార్కులో కూర్చుని డబ్బాలో అన్నం తిని, సాయంత్రం ఇంటికొస్తాడు. రాణికి చెప్పకూడదు.” సెక్రటరీ ఉద్యోగం పోయి రెండు నెలలైన సంగతి మా అందరికీ, పాపం వాళ్ళావిడకీ, అలా తెలిసింది.

మర్నాడే సెక్రటరీ నా గుమ్మంలో ఉన్నాడు.

“నిప్పు లేనిదే పొగ రాదు బాబాయిగారూ. పసివాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చెప్తారా ఇవన్నీ? గుచ్చి గుచ్చి అడిగి ఇంటి గుట్టు లాగుతోంది. రేపు దేనికి వాడుకుంటుందో ఎవరికి తెలుసు?”

“నాకూ అదే అనుమానం,” అన్నాను.

“మీరు వారం రోజులు అక్కడ కూర్చోండి. మీ కళ్ళు కప్పడం ఎవరి తరం? ఆదివారం మీటింగులో మీరేం చెప్తే అదే. తప్పుంటే సోమవారానికల్లా గది ఖాళీ చేయిస్తాం.”

పాత యూనిఫాం కోటు మళ్ళీ తొడుక్కున్నట్టయింది నాకు. పైగా ఈ విషయంలో నా మనసు నిర్మలం. నేనూ మనవరాల్ని అడుగుతాను, కాదనను. “అమ్మ ఫోన్లో ఎవరితో మాట్లాడింది? నవ్విందా? ల్యాబు నుంచి ఎవరు దింపారు?” అని అడుగుతాను. చేతిలో చాక్లెట్ పెట్టి మరీ అడుగుతాను. పిల్లలు అబద్ధం ఆడరు కదా. కూతురి బాగోగులు నేను కాకపోతే ఎవరు చూస్తారు? ఏదైనా సూటిగా, ఇంట్లోవాణ్ణిగా అడుగుతాను తప్ప, ఈవిడలా బొమ్మల చాటున కాదు. ఈమధ్య పిల్ల చాక్లెట్ కూడా తీసుకోవడం మానేసింది, అది వేరే సంగతి.

సోమవారం నాలుగింటికి వెళ్ళాను. బయటికి మనవరాలి గొంతు వినిపిస్తూనే ఉంది, గుమ్మంలో కాలు పెట్టగానే ఠక్కున ఆగిపోయింది. నాకు వీపు తిప్పి కూర్చుంది. పెద్దవాళ్ళు వస్తే నోరు మూసుకోమని ఈవిడే నేర్పి ఉంటుందని నోటుబుక్కులో రాసుకున్నాను.

ముందు జిగురు మీద పడ్డాను.

“బైండింగ్ జిగురులో మైలుతుత్తం కలుపుతారని విన్నాను. విషం కదా అది?”

“షాపులో కలిపేవాళ్ళమండీ, పురుగు పట్టకుండా. ఇక్కడ వేళ్ళు నాకుతారు కదా, వట్టి మైదా ఉడకబెట్టిందే. రెండు రోజులకే పులిసిపోతుంది. మళ్ళీ ఉడకబెడతాను,” అంది. గిన్నెలో వేలు ముంచి తనే నాకి చూపించింది. నాకూ గిన్నె చాపింది. నేను నాకలేదు.

మంగళవారం, బుధవారం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ప్రశ్న వేస్తే పట్టుకుందామని నా ఆశ. ఒక్క ప్రశ్న వెయ్యదే! ఒకడు అట్ట బస్సు పట్టుకొచ్చి, “దీనికి కడుపునొప్పి,” అన్నాడు. ఎందుకు నొప్పి, ఎవరికి నొప్పి అని నేనైతే నాలుగు అడిగేవాణ్ణి. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ “ఊఁ” అంది. వాడు ఇంకా చెప్పాడు. మళ్ళీ “ఊఁ” అంది. ఊ కొట్టడం తప్ప ఆవిడకు వేరే విద్య ఉన్నట్టు లేదు. ఇంత జాగ్రత్తగా ఉందంటే ఎంత పాతకాపు అయ్యుండాలి అనుకున్నాను.

బుధవారం సాయంత్రం అసలు విషయం దొరికింది. రాసిన చీటీలన్నీ తీగ మీదికి వెళ్ళడం లేదు. కొన్నిటిని చదివి, మడిచి, బల్ల కింద రేకు పెట్టెలో పడేస్తోంది. నా మనవరాలు బల్ల అవతలికి వెళ్ళి ఆవిడ చెవిలో చెప్పినదైతే ప్రతిదీ అందులోకే పోతోంది. ఆ సాయంత్రమే సెక్రటరీకి చేరేశాను. “అదీ అసలు ఖజానా! ఎలాగైనా అందులో ఏముందో చూడండి బాబాయిగారూ,” అన్నాడు.

శుక్రవారం ఆరింటికి పిల్లలు వెళ్ళిపోయారు. ఆవిడ జిగురు గిన్నె కడగడానికి వెనక కుళాయి దగ్గరికి వెళ్ళింది. నేను బల్ల కిందికి వంగి పెట్టె తెరిచాను. ఈ వయసులో మోకాళ్ళు పట్టేసినా, ఉత్సాహం అలాంటిది.

లోపల చీటీలు విడిగా లేవు. అరచేతిలో పట్టేంత పుస్తకాలు పది పన్నెండు ఉన్నాయి. ఒక్కొక్కరివి ఒక్కో పుస్తకంగా కుట్టి, గట్టి అట్ట వేసి, వీపుకు కాలికో అతికించింది. పిల్లలకు చదవడం రాదు కాబట్టి పేర్లకు బదులు గుర్తులున్నాయి. గొడుగు, చేప, తాళంచెవి. నా మనవరాలి గుర్తు చీమ. ఇంటికి తెచ్చే ప్రతి బొమ్మ అడుగునా అదే గీస్తుంది. చీమ పుస్తకం తెరిచాను.

“ఒక ఇల్లు. అందులో టీసీ తాత ఉన్నాడు. తాతకి నాలుగు కళ్ళు. రెండు ముందు, రెండు వెనక.”

నవ్వొచ్చింది. పేజీ తిప్పాను.

“తాత పాపకి చాక్లెట్ ఇచ్చి అమ్మ గురించి అడిగాడు. పాప చెప్పింది. తాత అమ్మని అరిచాడు. అమ్మ కుళాయి తిప్పి ఏడ్చింది.”

“పాప నోటికి జిగురు రాసుకుంది. ఇంక ఏమీ చెప్పదు. చాక్లెట్ వద్దు.”

“తాత మంచోడే. పడుకుంటే దుప్పటి కప్పుతాడు. లేస్తే అడుగుతాడు.”

నాలుగు నెలలుగా డాక్టరుకు చిక్కని జబ్బు నా అరచేతిలో ఉంది. అమ్మ మీద చాడీ చెప్పకుండా ఉండటానికి ఆ పసిది మాటే మానేసింది. నేను గొంతు చూపించడానికి తీసుకెళ్ళాను.

వెనక అలికిడైంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

“మెల్లగా తిప్పండి,” అంది బైండింగత్త గిన్నె తుడుస్తూ. “వీపు జిగురు ఇంకా ఆరలేదు.”

“ఇవెందుకు దాచావమ్మా?”

“తీగకు కడితే మీరు చదువుతారు. మళ్ళీ ఇంట్లో పాపకి ప్రశ్నలు మొదలవుతాయి.” గిన్నె బోర్లించి, “ఏనుగుల్నీ రాజునీ కట్టేయడం నా తప్పేనండీ,” అంది. “ముప్పై ఏళ్ళు ఎన్ని పుస్తకాలు కుట్టానో. ఒక్కదాన్లోనూ ఏముందో చూళ్ళేదు. కుట్టామా, అతికించామా, ఇచ్చామా అంతే. పిల్లల మాటలూ అట్లాగే రాసి కట్టేశాను. ఆ రెండు ఇళ్ళలో గొడవయ్యాకనే చదవడం నేర్చుకున్నాను.”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?”

“చెప్తే నమ్మేవారా?”

పుస్తకం పెట్టెలో పెట్టి ఇంటికొచ్చాను.

ఆ రెండు రోజులూ ఆదివారం ఏం చెప్పాలా అని లెక్కలేసుకున్నాను. ఒక్క మాట అబద్ధం చెబితే చాలు, గది ఖాళీ అవుతుంది, ఆ చీమ పుస్తకం బస్తాలో పడి ఎటో పోతుంది, నా పరువు నాకు దక్కుతుంది. ఈ ఆలోచన నాకు వచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక పూటంతా అదే ఖాయం చేసుకున్నాను కూడా. కానీ గది పోతే పిల్లకు మాట్లాడే చోటే ఉండదు. ఆ ఒక్కటే అడ్డుపడింది.

ఆదివారం మీటింగుకు అందరూ వచ్చారు. మా అమ్మాయి వెనక వరసలో కూర్చుంది. బైండింగత్త గుమ్మం దగ్గర నిలబడింది.

“చెప్పండి బాబాయిగారూ. పిల్లల్ని ఏం అడుగుతోంది?” అన్నాడు సెక్రటరీ.

“ఏమీ అడగదు. ఊ కొడుతుంది.”

“మరి ఇళ్ళలో సంగతులు ఎలా బయటికొస్తున్నాయి?”

“ఇళ్ళలో ఉన్నాయి గనక.”

ఎవరో కిసుక్కుమన్నారు. సెక్రటరీ మొహం మాడ్చుకున్నాడు.

“ఆ రేకు పెట్టె సంగతి చెప్పరేం? ఎవరి గుట్టు దాస్తోంది?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకాన్ని కాను నేను. ఆ రోజు మాత్రం తడుముకున్నాను. పిల్ల చెప్పిన కథ నలుగురిలో చెప్పే హక్కు నాకు లేదు. నేను చేసింది చెప్పుకునే హక్కు ఉంది.

“నా గుట్టే,” అన్నాను. “నా మనవరాలు మాట మానేసింది గొంతు బాగాలేక కాదు. చాక్లెట్ ఇచ్చి దాన్ని వాళ్ళమ్మ మీద నిఘా పెట్టాను. గుచ్చి గుచ్చి అడిగేవాడు ఈ అపార్ట్‌మెంట్లో ఎవడైనా ఉన్నాడంటే అది నేనే. గది ఉండాలి. చీటీలు మాత్రం తలుపుకు కట్టొద్దు.”

సెక్రటరీ భార్యే ముందుగా చెయ్యెత్తింది, గది ఉండాలని. ఆమె చెయ్యి చూసి సెక్రటరీ కూడా ఎత్తాడు.

మెట్లెక్కుతుంటే అమ్మాయి నా పక్కకు వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను.

“నాకు తెలుసు నాన్నా,” అంది. “అందుకే దాన్ని అక్కడ చేర్పించాను. ఎక్కడో ఒకచోట మాట్లాడాలిగా.”

నేను రైలింగ్ పట్టుకుని ఆగిపోయాను.

“ఇంక దాన్ని ఏమీ అడక్కు. నన్నూ అడక్కు. అడిగావంటే వేరే ఇల్లు చూసుకుంటాను.”

“అడగను,” అన్నాను.

అడక్కుండా ఉండటం ఎంత కష్టమో నాకే తెలుసు. నాలుక మీదికి ప్రశ్న వచ్చినప్పుడల్లా గ్లాసుడు మంచినీళ్ళు తాగేవాణ్ణి. రోజుకో బిందె తాగి ఉంటాను. మనవరాలు తలుపు చాటు నుంచి నన్ను అనుమానంగా చూసేది. ఈయన ఇంకా అడగలేదేమిటి, ఎప్పుడు అడుగుతాడు అన్నట్టు. ఆ చూపు నాకు బాగా తెలిసినదే. రెండు వారాలు గడిచినా ఇంట్లో దాని నోట మాట లేదు.

తర్వాత ఓ సాయంత్రం బైండింగత్త కబురు పెట్టింది, అట్టలు కొయ్యడానికి చెయ్యి కావాలని. వెళ్ళాను. కోశాను. కోసిన ముక్కలతో ఊరికే కూర్చోలేక, ఒక మనిషిలాంటిది అతికించాను. కాళ్ళు పొట్టి, తల పెద్దది. కళ్ళు ఎక్కడ పెట్టాలో తోచక వదిలేశాను.

మనవరాలు చేతిలో పని ఆపి అది చూసింది. లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“ఇది ఎవరు?” అంది.

నాలుగు నెలలు దాటాక అది నాతో అన్న మొదటి మాట అది. ఎంతమందిని అడిగి నీళ్ళు నమిలించానో, అంతమంది బరువూ ఆ క్షణం నా మీద పడ్డట్టయింది. ఏదో ఒకటి చెప్పేద్దామనుకున్నాను. దాని మొహం చూస్తూ అబద్ధం రాలేదు.

“తెలీదమ్మా,” అన్నాను.

“తెలీకపోతే రేపు చెప్పు తాతయ్యా,” అని, నా బొమ్మ కాళ్ళకు జిగురు రాయడం మొదలుపెట్టింది.