పురిటిగదిని బండెక్కించిన రోజు

1963 జులై. అప్పుడు నేను అత్తిముగం చుట్టుపక్కల పల్లెలకు మిడ్‌వైఫ్‌ని, అంటే కాన్పులు చేసే నర్సుని. ఒక సోమవారం తెల్లవారుతుండగా రత్నమ్మకు మగబిడ్డ పుట్టాడు. నన్ను పిలిచేసరికే ఆమెకు ఉమ్మనీరు పోయి ఒక రోజు దాటింది. కొద్దిగా జ్వరం కూడా ఉంది. ఆ రెండూ నాకు నచ్చలేదు. మంగళవారం పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను.

రత్నమ్మ అత్త చెన్నమ్మవ్వ సంబరంగా ఎదురొచ్చింది.

“మా మనవడు బంగారం నర్సమ్మా! ఏడ్చేదే లేదు. వీళ్ళ నాయన పుట్టినప్పుడు మూడూళ్ళకు వినపడేటట్ల ఏడ్చినాడు.”

“పాలు తాగినాడా అవ్వా?”

“నిద్ర లేస్తే కదా తాగేది!”

బిడ్డను ఒళ్ళోకి తీసుకున్నాను. కుంపటి వైపున్న వీపు వెచ్చగా ఉంది, పాదాలు చల్లగా ఉన్నాయి. ఊపిరి వేగంగా ఆడుతోంది, వదిలిన ప్రతిసారీ సన్నని మూలుగు. సెప్సిస్, అంటే రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్, అనిపించింది. వెంటనే హోసూరు ఆసుపత్రికి చేర్చకపోతే బిడ్డ దక్కడని చెప్పాను.

అవ్వ గడపకు అడ్డంగా నిలబడింది. “పదకొండో దినం దాకా పురిటిగది దాటకూడదు. గాలి సోకుతుంది.”

ఆమె కొడుకు మునియప్ప మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. వాదనకు కూర్చుంటే పొద్దెక్కుతుంది.

“దాటొద్దులే అవ్వా. గదినే తీసుకుపోదాం. దాంట్లో ఏమేమి ఉండాల, చెప్పు.”

“చాపలు కావాల, వేపమండలు కావాల,” అంటూ అవ్వ గడప వదిలింది. ఇక ఆమె చేతులు ఆగలేదు. బండి చుట్టూ చాపలు కట్టించింది, వేపమండలు దోపింది, గాలి సోకకుండా దిండు కింద ఉంచిన కొడవలి తెచ్చి బాలింత పక్కన పెట్టింది.

“గోడలు కూడా పీకల్నామ్మా?” అన్నాడు మునియప్ప.

“నోరు మూసుకొని ఎద్దుల్ని కట్టప్పా!”

దారంతా బిడ్డను తల్లి ఒంటికే ఆనించి, పైన దుప్పటి కప్పి ఉంచాను. ఆసుపత్రిలో లేడీ డాక్టరు వెంటనే పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. గురువారం మధ్యాహ్నం వాడు వార్డంతా అదిరేలా కేక పెట్టాడు. పక్క మంచం ఆమె విసుక్కుంటే అవ్వ ఊరుకుంటుందా!

“నీ నిద్ర యాడికీ పోదులేమ్మా. ఏడ్చనీ నా రాజును!”

రత్నమ్మ నవ్వుతూ వాడికి పాలిచ్చింది. గటగట తాగాడు.

తల్లిలో ఏ బాధా పెట్టకుండా ఉండి, కాన్పులో బిడ్డకు అంటుకునే గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి గురించి చాలా ఏళ్ళకు చదివాను. వాడికి సోకింది అదే కావచ్చు. తేల్చే పరీక్ష అప్పట్లో మాకు లేదు. కానీ ఆ కేసు తరువాత, ఏ ఇంట్లో ఎవరు గడపకు అడ్డంగా నిలబడినా నేను మొదట అడిగింది ఒకటే: “నీకేం కావాల, చెప్పవ్వా?”