మోకాలెత్తున మేకులు

డ్రాయింగు మాస్టారు పోయారని పోయిన నెల పర్చూరు నుంచి ఫోనొచ్చింది. నిజం చెప్పాలంటే నాకు ముందు ఒళ్ళు మండింది, ఏడుపు తర్వాత వచ్చింది. పదేళ్ళు పోట్లాడాను ఆయనతో. ఒక్కసారన్నా ‘నీ మాటే రైటమ్మా’ అనకుండా వెళ్ళిపోయారు.

హైస్కూల్లో రిటైరయ్యాక రోజూ మా కూలీల సంఘం ఆఫీసుకొచ్చి కూర్చునేవారు. పచ్చపురుగు పత్తిని తినేసిన మరుసటేడాది అది. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ చేత, కౌలురైతుల చేత బొమ్మలు గీయించి ప్రదర్శన పెడదామన్నారు. జనం పనుల్లేక చస్తుంటే బొమ్మలేంటండీ అన్నాను. జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నారు. ఇష్టంలేని మాట చెవిన పడితే అదీ ఆయన అలవాటు. నా దగ్గరున్నంతసేపూ ఆ జుట్టు చెక్కుచెదిరేది కాదు.

విత్తనాల కొట్లో పాత కేలండర్లు అడిగి తెచ్చి, వాటి వెనకవైపు గీయించారు. ఖాళీగా ఉన్న పొగాకు గొడౌన్లో ప్రదర్శన. తీరా వెళ్ళి చూస్తే మేకులన్నీ మోకాలెత్తున కొట్టి ఉన్నాయి.

“ఇదేంటి మాస్టారూ, పిల్లులు చూడ్డానికా?”

“గీసినవాళ్ళు రోజంతా నేల మీదే కూర్చుని పని చేస్తారమ్మా. చూసేవాళ్ళు కాసేపు కూర్చుంటే ఏం పోయింది?”

“పెద్దవాళ్ళొస్తారండీ, ఇస్త్రీ బట్టల్లో.”

“మళ్ళీ చేయించుకుంటారులే.”

ఆ బొమ్మల్లో ఒకటి ఓ కౌలురైతు భార్యది. పంట పోయి అతను పురుగుమందు తాగాడు. కాగితాల్లో మాత్రం కడుపునొప్పితో చనిపోయాడని రాశారు. ఆ ముక్క మార్పించాలని ఏడాదిగా ఆమె మండలాఫీసు మెట్లెక్కుతోంది. తలెత్తి చూసినవాడు లేడు. ఆమె గీసిందేమో పత్తి చేలో మందుకొట్టే డబ్బా, కాగితమంతా అదే. మోసే మనిషి వేలెడంత. ఆమె తరఫున నిండు పేజీ రాశాను. దోపిడీ, వ్యవస్థ, నిర్లక్ష్యం, ఏదీ వదల్లేదు. బొమ్మ కింద అంటించి వెనక్కి తిరిగేసరికి మాస్టారు గోటితో మెల్లగా ఊడదీస్తున్నారు. మడిచి నా చేతిలో పెట్టారు.

“ఆమె పక్కనే కూర్చునుందిగా. నోరుంది. తననే చెప్పనివ్వు.”

ఆ క్షణంలో ఆ దువ్వెన విరిచి పారేద్దామనిపించింది.

సాయంత్రం మండలాఫీసరు వచ్చాడు. నిలబడితే ఏమీ కనపళ్ళేదు. అటూ ఇటూ చూసి, ప్యాంటు పైకి లాక్కుని గొంతుక్కూర్చున్నాడు. ఎదురుగా ఆమె మొహం.

“మనిషికంటే డబ్బా పెద్దగా గీశావేంటమ్మా?”

“నాకట్టాగే కనపడేదండీ. పొద్దస్తమానం అది ఈపు మీదుంటే మనిషేడ కనపడతాడు? ఆఖరికి దాన్లో పోసేదే తాగాడు. కడుపునొప్పి కాదండీ.”

ఆఫీసరు కూర్చున్నచోటే పెన్ను తీసి, “మళ్ళీ మొదట్నుంచి చెప్పు” అన్నాడు.

కాగితం మారడానికి ఇంకో ఏడాది పట్టింది, కానీ మారింది. మీరే రైటు మాస్టారూ అని చెప్పబోతే దువ్వెన తీశారు. నోరు మూసుకుని వినడం నాకు నేర్పింది ఆయనే. ఆ సంగతి కూడా చెప్పనివ్వలేదు, మహానుభావుడు.

మొన్న అదే గొడౌన్లో సంతాప సభ పెట్టాం. మావాళ్ళు ఆయన ఫోటోని గోడ మీద అంతెత్తున కట్టి బంతిపూల దండ వేశారు. నేను నాలుగు పేజీలు రాసుకెళ్ళాను. అందులో రెండు ఆమె కథే. ఆమె ఇప్పుడు మిరపకాయల పనికి వెళ్తోంది. పని దిగి ఆలస్యంగా వచ్చి, పైకి చూసింది.

“ఆయన్నక్కడ కట్టారేంటండీ? నాకు మెడ నొప్పెడతంది.”

స్టూలేసుకుని ఎక్కి ఫోటో దించింది. పాత మేకులింకా గోడకే ఉన్నాయి, తుప్పు పట్టి. ఒకదానికి తగిలించి పక్కనే కూర్చుంది.

నాకు మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుంటే లేవలేను. పోయాక కూడా సాధిస్తున్నారు కదా అనుకుంటూ, గోడ పట్టుకుని ఆయనకెదురుగా కూలబడ్డాను. నా పేజీలు సంచిలోనే ఉంచేశాను.

“నువ్వు చెప్పమ్మా” అన్నాను.

ఆమె ఘాటు వదలని చేతుల్ని చీరకి తుడుచుకుని మొదలుపెట్టింది. గొంతు చిన్నది. వినపడక వెనకవాళ్ళు ముందుకొచ్చి, ఒకరి తర్వాత ఒకరు ఇస్త్రీ ప్యాంట్లు పైకి లాక్కుని నేల మీద కూర్చోసాగారు.